'తెలీదు' అని రాసిన చీటీ

సోమవారం పొద్దున్న నేను పాఠాలు చెప్పే కాలేజీ జువాలజీ మ్యూజియంలో సీసాలు అట్టపెట్టెల్లోకి సర్దుతుండగా కంచరపాలెం నుంచి ఫోన్ వచ్చింది. మ్యూజియంలో అటెండరుగా చేసిన బాబాయి కూతురు.

"నాన్న తెల్లారగట్ల పోయారమ్మా. నిన్నంతా సీసాల మూతలు సరిగ్గా బిగించేరో లేదోనని ఒకటే గోల," అంది.

చేతిలో ఉన్న సీసా మూత ఇంకోసారి బిగించాను. ఆయన రిటైరై చాలా ఏళ్లయింది. అయినా మొన్న మొన్నటిదాకా ప్రతి సోమవారం రెండు బస్సులు మారి వచ్చి, ఆవిరైపోయిన మేరకు సీసాల్లో స్పిరిట్ నింపి వెళ్లేవాడు. వద్దంటే వినే మనిషి కాదు. "నాను రాకపోతే అవి ఎండిపోతాయి. మీరు మీటింగుల్లో ఉంటారు," అనేవాడు. అది నిజమే కాబట్టి నాకు ఒళ్లు మండేది.

అందరికీ ఆయన బాబాయే. చదివింది ఎనిమిదో తరగతి. మా పాఠ్యపుస్తకం ఒక పేజీలో ముగించిన ఆకుముక్కు గబ్బిలాలను మాత్రం నాకు నేర్పింది ఆయనే. ముక్కు మీద ఆకులాంటి చర్మపు మడత ఉంటుంది కనుక వాటికి ఆ పేరు. అవి కూత పెట్టేది కూడా ముక్కుతోనే. ఆ కూత తిరిగొచ్చే తీరును బట్టి చీకట్లో పురుగును పట్టుకుంటాయి. మా మ్యూజియంలో వాటికి ఒక బీరువా నిండా సీసాలు ఉన్నాయి. ఎప్పటివాళ్లో పట్టి తెచ్చినవి.

ఇక్కడే ఎమ్మెస్సీలో చేరిన కొత్తలో ఒక సీసా నా ముందు పెట్టి, "ఏటిది సెప్పు," అన్నాడు. గబ్బిలం అన్నాను. "అది మా మనవరాలు కూడా సెప్పుద్ది. ఆకు పై అంచు సూడు. కోసుగా లేస్తే గుర్రపునాడా గబ్బిలం. గుండ్రంగా ఉంటే మనది. మనదని తేలేక, ముక్కుకి అటూ ఇటూ చిన్న రేకులుంటాయి, అవి ఎన్నో నెక్కెట్టు. కొన్నిటికి మూడు, కొన్నిటికి రెండు, కొన్నిటికి అసలుండవు. ఆ తర్వాతే ముంజెయ్యి కొలువు. ముందే స్కేలు తియ్యకు."

ఆకుముక్కు గబ్బిలాలు ఆయనకు ఎప్పుడూ "మనవే". అమెరికాలోనూ ఆకుముక్కు గబ్బిలాలు ఉన్నాయని నేనెక్కడో చదివి గొప్పగా చెబితే నవ్వాడు. "ఇంటిపేరు ఒకటైతే సుట్టాలైపోతారేటమ్మా? ఆళ్లు వేరు, మనోళ్లు వేరు." తర్వాత పుస్తకాలు తిరగేశాను. ఆయనన్నదే నిజం. అది పూర్తిగా వేరే కుటుంబం.

మనవాటిని మాత్రం ఒకప్పుడు గుర్రపునాడా గబ్బిలాల కుటుంబంలోనే ఉపశాఖగా లెక్కవేసేవారు. తర్వాత విడదీసి సొంత కుటుంబం ఇచ్చారు. మా సీసాల్లో ఆ మార్పు చేయాల్సి వచ్చినప్పుడు నేను పాత చీటీలు తీయబోతే బాబాయి చెయ్యి పట్టుకుని ఆపాడు. "పాతది తియ్యకూడదు. తప్పైనా సరే ఉండాల. కొత్తది రాసి దాని పక్కనెయ్యి. ఎవుడు ఎప్పుడు ఏటనుకున్నాడో ఎనకొచ్చినోడికి తెలియాల కదా." ఆ మాట ఆయన నోట వినేసరికే నేను చేయకూడని పని చేసేసి ఉన్నాను.

అది ఎమ్మెస్సీ మొదటి ఏడాది సంగతి. బాబాయి కంటి ఆపరేషన్‌కి సెలవులో ఉన్నాడు. అప్పటి హెడ్ గారు నన్ను పిలిచి, గబ్బిలాల సీసాల్లో నలిగిపోయిన చీటీలను తిరగరాయమన్నారు. నా దస్తూరీ బాగుంటుందని నాకో గర్వం. కొత్త జెల్ పెన్ను కొని, అచ్చు గుద్దినట్టు రాసి, సీసాల్లో వేసి, పాతవన్నీ చెత్తబుట్టలో పడేశాను. ఆ వారమే ఎవరో ఒక గబ్బిలాన్ని చిన్న కాగితంతో సహా ఇచ్చి వెళ్లారు. ఆ కాగితమూ అంతే. ఎత్తి రాశాను, పారేశాను.

బాబాయి నల్ల కళ్లద్దాలతో తిరిగొచ్చి బీరువా తెరిచాడు.

"స్పిరిట్ నీలంగా ఉందేటమ్మా? దేంతో రాసేవు?"

పెన్ను చూపించాను. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "సీసాలోకెళ్లే చీటీ పెన్సిల్‌తోనే రాయాలమ్మా. సిరా కరిగిపోద్ది. పెన్సిల్ పోదు," అన్నాడు. నా అందమైన అక్షరాలన్నీ అప్పటికే నీళ్లపాలయ్యాయి. సీసాల్లో తెల్ల కాగితాలు తేలుతున్నాయి. ఏ గబ్బిలం ఏదో, ఎక్కడిదో చెప్పే ఆధారం లేదు. నా ఎమ్మెస్సీ అక్కడితో సరి అనుకున్నాను.

మమ్మల్ని కాపాడింది ఆయన స్పిరిట్ పుస్తకం. ఏ అరలో ఎన్నో సీసాలో ఏముందో, ఎక్కడిదో, ఎప్పుడు నింపాడో అన్నీ పెన్సిల్‌తో రాసుకున్నాడు. మూడు నెలలు రోజూ క్లాసులయ్యాక ఇద్దరం కూర్చుని రేకులు లెక్కపెట్టాం, ముంజేతులు కొలిచాం, పుస్తకంతో సరిచూశాం. ఒక్కొక్క సీసాకీ దాని పేరు తిరిగొచ్చింది. హెడ్ గారు మాత్రం నన్ను ఒక్కసారైనా పిలిచి అడగలేదు. ఎందుకు పిలవలేదో నేనూ ఆరా తీయలేదు. బతికిపోయాననుకున్నాను, అంతే.

ఒక్క సీసా మిగిలింది. ఆయన సెలవులో ఉండగా వచ్చింది. పుస్తకంలో లేదు, దాని కాగితం మీద ఏముందో నాకు గుర్తు లేదు. పక్క రేకులు లేవు కాబట్టి రెండు చిన్న జాతుల్లో ఏదో ఒకటి. ముక్కు గాజుకి ఒత్తుకుని అణిగిపోయింది, చెవులు ముడుచుకుపోయాయి, కొలత రెండింటికీ సరిపోతోంది. ఇచ్చినవాళ్లెవరో తెలిస్తే చాలని ఒక వేసవి అంతా ఆదివారాలు గబ్బిలాలుండే చోట్లన్నీ తిరిగాం. మల్కాపురంలో వాడకంలో లేని పాత షెడ్లు చూశాం. పూర్ణా మార్కెట్‌లో పాత గోడౌన్లు చూశాం. అక్కడ సుగంధ ద్రవ్యాలు అమ్మే సాయిబు గారు మాకు టీ తెప్పించి, "గబ్బిలాలు మా గోడౌన్లో బోలెడున్నాయి భాయ్. మీకు ఇచ్చినోళ్లు మాత్రం మావోళ్లు కాదు," అన్నారు. మరుసటి ఆదివారం ఇంకో చోటికి వెళ్లాం.

ఎండకి విసిగి, "ఏదో ఒకటి రాసేద్దాం బాబాయ్, ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"మనకి తెలుసు కదా," అన్నాడు. మర్నాడు మందపాటి కాగితం మీద పెన్సిల్‌తో 'తెలీదు' అని తానే రాసి ఆ సీసాలో వేశాడు.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు పాత బిల్డింగు కూల్చేస్తున్నారు. కొత్త గదుల్లో చోటు తక్కువ, వివరాలు లేని సీసాలు పారేయండి అని ప్రిన్సిపాల్ గారి ఆర్డరు. బాబాయి అంత్యక్రియలు అయ్యాక కంచరపాలెం నుంచి నేరుగా కాలేజీకి వచ్చాను. నేను లేనప్పుడు ఎవరో నింపిన, పారేయాల్సిన వాటి పెట్టెలో అన్నిటికంటే పైన ఉంది ఆ సీసా. తీసి చేతిలో పట్టుకున్నాను.

"దానికి చీటీ లేదు కదమ్మా," అన్నారు పెట్టెల్లో సీసాలు లెక్క చూస్తున్న ప్రిన్సిపాల్ గారు.

"ఉంది సర్. చదవండి."

"తెలీదు అని రాస్తే అది వివరం అవుతుందా?"

"అబద్ధం రాసి ఉంటే ఉంచేవాళ్లం కదా సర్. నిజం రాసినందుకు పారేస్తామా? ఇప్పుడు చిన్న కండ ముక్క పంపితే జాతి తేల్చే లేబ్‌లు ఉన్నాయి. పంపిస్తాను. తేలినా తేలకపోయినా ఈ సీసా నాతోనే కొత్త గదికి వస్తుంది." నా గొంతు పెద్దదైందని నాకే తెలుస్తోంది. తగ్గించలేదు. ఆయన నా వైపు చూసి, పెట్టె మీద రాసిన అంకెను ఒకటి తగ్గించి వెళ్లిపోయారు.

బాబాయి రాని ఈ కొన్ని వారాల్లో స్పిరిట్ బాగా తగ్గింది. నింపుదామని మూత తీసి, బయటపడిన రెక్కను పట్టకారుతో కిందికి నొక్కాను. ఇన్నేళ్లూ 'తెలీదు' అన్న వైపు గాజుకి, రెండో వైపు గబ్బిలానికి ఆనుకుని ఉన్న చీటీ పట్టకారుకి తగిలి తిరగబడింది. వెనక కూడా రాసి ఉంది. అదే పెన్సిల్, అదే వంకర దస్తూరీ: 'అసలు చీటీ పోయింది. తప్పు అటెండరుది.'

హెడ్ గారు నన్నెందుకు పిలవలేదో అప్పుడు అర్థమైంది. పెన్సిల్ సంగతి నాకు చెప్పకుండా సెలవు పెట్టడం తన తప్పేనని బాబాయి ఆయనకి ముందే చెప్పేసి ఉంటాడు. ఏడుపు ఆగలేదు. ఆ మనిషి మీద కోపమూ వచ్చింది. గబ్బిలం పేరు విషయంలో ఒక్క అబద్ధం రాయనివ్వనివాడు నా కోసం రాసి పెట్టాడు. చెరిపేద్దామంటే పాతది తీయకూడదని నేర్పినవాడూ ఆయనే.

బీరువా సొరుగులో ఆయన పెన్సిల్ ముక్క ఉంది. మందపాటి కాగితం కత్తిరించి రాశాను: 'అసలు చీటీని జెల్ పెన్నుతో రాసి పోగొట్టింది నేను. అటెండరు కాదు.' కింద నా పేరు, తేదీ రాశాను. సీసాలో వేశాను. కాగితం కాసేపు తేలింది, తడిసింది, మెల్లగా దిగి ఆయన చీటీ పక్కన నిలబడింది.