జోజమ్మ తొక్కుడు మిషన్

పాల్వంచ కంపెనీ కాలనీ వెనక సందులో జోజమ్మ కుట్టుమిషన్ చప్పుడు వినపడలేదంటే ఆ రోజు ఆదివారమని లెక్క. రవికెలు ఆమెలా ఇంకెవరూ కుట్టలేరని ఆడవాళ్ళ మాట. ఆ మాట అందరికంటే గట్టిగా నమ్మేది జోజమ్మే.

రొమ్ము క్యాన్సర్ తగ్గిందనుకున్నాక, 2006లో నడుంనొప్పి పట్టుకుంది. ఖమ్మం డాక్టరు స్కానింగ్ చూసి జబ్బు వెన్నెముకకు పాకిందన్నాడు.

"ఆ ఎముక ఎప్పుడు నరాన్ని ఒత్తుతదో ముందే చెప్పలేనమ్మా. కాళ్ళు మొద్దుబారినా, తడబడినా అదే రోజు రావాలె. నడుచుకుంట వస్తే నడిపించి పంపే ఆశ ఎక్కువ. మోసుకొస్తే మాట ఇయ్యలేను."

జోజమ్మ తలూపింది. మరిచిపోకుండా గుర్తుపెట్టుకున్నది మాత్రం భర్త సవరయ్యే.

డిసెంబరులో చర్చి ఆడవాళ్ళ క్రిస్మస్ రవికెలు గుట్టగా వచ్చిపడ్డాయి. సరిగ్గా అప్పుడే మిషన్ మొరాయించింది. చక్రం ఉన్నట్టుండి వెనక్కి తిరగడం, దారం పుటుక్కున తెగడం. జోజమ్మ బెల్టు మార్పించింది, నూనె పోసింది, మెకానిక్‌ను నోటికొచ్చినట్టు తిట్టింది. అతను పాపం మళ్ళీ వచ్చి అన్నీ బిగించిపోయాడు. అయినా అదే వరస.

"లే అమ్మా, నేను చూస్త" అని కూతురు బ్లెస్సీ కూర్చుని తొక్కింది. మిషన్ ఏకధాటిగా నడిచింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని నవ్వబోయి తల్లి ముఖం చూసి ఆగిపోయింది. జోజమ్మ తన కుడికాలి వైపే చూస్తోంది.

"చెప్పు జారిపోయినా తెలుస్తలేదే" అంది మెల్లగా.

"ఎప్పటిసంది?" అన్నాడు సవరయ్య.

"బెల్టు మార్పించకముందు నుంచే. రవికెలు అయినంక పోదామయ్యా. నలుగురి పండగ."

సవరయ్యకు ఎన్నడూ లేనంత కోపం వచ్చింది. నిజానికి అది కోపం కాదు, భయం. "పండగ మల్ల ఏడాది వస్తది. కాళ్ళు పోతే మల్ల రావు. లే" అన్నాడు.

ఖమ్మం దవాఖానా గుమ్మంలో ఆయా చక్రాల కుర్చీ తెచ్చింది. జోజమ్మ ఎక్కనంది. "నడిచొచ్చిన్నని డాక్టరు కళ్ళార చూడాలె" అని మొగుడి భుజం ఒకవైపు, కూతురి భుజం ఒకవైపు పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ లోపలికి పోయింది. డాక్టరు వెంటనే మందు మొదలుపెట్టి, వెన్నెముకకు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించడానికి హైదరాబాదు పంపాడు. కాలు చాలావరకు తిరిగొచ్చింది.

రవికెలు బ్లెస్సీ కుట్టింది. కొన్ని వంకరపోయాయి. చర్చిలో ఎవరూ ఏమీ అనలేదు, జోజమ్మ తప్ప.

మిషన్‌కు మోటారు పెట్టిస్తామన్నా ఆమె ఒప్పుకోలేదు. తెల్లారగానే గుడ్డ పెట్టకుండా ఖాళీ మిషన్ కాసేపు తొక్కేది. సవరయ్య డ్యూటీ బట్టలు వేసుకుని, లోపల మంచం మీద కూర్చుని వినేవాడు. చప్పుడు తడబడకుండా సాగితేనే లేచి సైకిలెక్కేవాడు.