తలకాయ బెంచీ

మా తమ్ముడు కిడేగా గురించి చెప్పాలంటే ముందు ఒక బెంచీ గురించి చెప్పాలి.

మా ఊరి ఆరోగ్య కేంద్రానికి గురువారం రెండు రకాల జనం వస్తారు. ముందు వరండా నిండా హెచ్.ఐ.వి. మందులవాళ్ళు. వాళ్ళకు సిగ్గూ బిడియమూ ఎప్పుడో పోయాయి. ఒకరి పిల్లను ఒకరు ఎత్తుకుని, నా కొట్టునుంచి టీ తెప్పించుకుని, పెళ్ళికొచ్చినట్టు కబుర్లాడుకుంటారు. పక్కన మామిడిచెట్టు కింద మాత్రం ఒకే ఒక్క బెంచీ. అది మూర్ఛ రోగులకూ, మతి సరిగా లేనివాళ్ళకూ. అందరూ దాన్ని తలకాయ బెంచీ అంటారు. పొద్దున దానిమీద కూర్చున్నవాడి సంగతి సాయంత్రానికి బజారంతా తెలిసిపోతుంది. నా టీకొట్టు ఆ గేటుకు సరిగ్గా ఎదురుగా ఉంది. ఎవరెక్కడ కూర్చుంటారో నా కన్ను దాటిపోదు. నన్ను వాగుడుకాయ అంటారు, అననివ్వండి. చూసింది చెప్పకపోతే నాకు తిన్నది అరగదు.

కిడేగా కుర్రతనంలోనే సైన్యంలో చేరాడు. సోమాలియాలో ఏళ్ళ తరబడి ఉన్నాడు. అతను తిరిగొచ్చిన రోజు మా గడప ముందు జనం కిక్కిరిసిపోయారు. అంతకాలం పరాయి నేలమీద తిరిగినవాడు గుడ్డు తొక్కందే ఇంట్లోకి రాకూడదు. మా వంశం పెద్ద ఓతీమ్ దారికి అడ్డంగా గుడ్డు పెట్టాడు. తమ్ముడు బూటు విప్పి తొక్కాడు. సొన వేళ్ళ సందుల్లోకి కారుతుండగా ఓతీమ్ అడిగాడు.

"అక్కడ ఎంతమందిని పడగొట్టావురా?"

తమ్ముడు కాలివైపు చూస్తూ నిలబడ్డాడు. నోరు విప్పలేదు.

"చూశారా, గొప్పలు చెప్పుకునే రకం కాదు మనవాడు," అన్నాడు ఓతీమ్.

అక్కడికక్కడే అతనికి మోయి పేరు పెట్టారు. శత్రువును చంపినవాడికి తప్ప మావాళ్ళు మోయి పేరు పెట్టరు. మా నాన్నకు లేదు, తాతకు లేదు. గోయ్‌మోయ్ అని ఓతీమ్ ఆ పేరుతో గట్టిగా పిలిచేసరికి ఆడవాళ్ళందరం నాలుకలాడిస్తూ కూతలు పెట్టాం. అందరికంటే నా గొంతే ఎక్కువ లేచింది. ఆ పూట నేను నేలమీద నడవలేదనుకోండి.

తర్వాత మొదలైంది అసలు గోల. వాన మొదలై రేకుల మీద చినుకులు పడితే చాలు, మనిషి మంచం కిందికి దూరేవాడు. కొట్టులో జొన్నపిండి బస్తా విప్పితే గభాలున బయటికి పరుగెత్తి వాంతి చేసుకునేవాడు. నేను గంజి కాస్తుంటే రోడ్డుకు అటువైపున నిలబడి, టీ మాత్రం పంపమనేవాడు. బుగ్గలు లోపలికి పోయాయి. రాజధానిలో సైనికుల పెద్ద ఆసుపత్రికి వెళ్ళాడట. చెయ్యి ఉంది, కాలు ఉంది, నీకేం రోగం, మీ ఊరి ఆసుపత్రికి పొమ్మన్నారట. గుండు తగిలినవాడికే మందు, తగలనివాడికి ఏముంటుంది?

ఊరి ఆసుపత్రికి గురువారం గురువారం రావడం మొదలుపెట్టాడు. ముందు వరండాలో, హెచ్.ఐ.వి. వాళ్ళ మధ్య కూర్చునేవాడు. నేను కొట్టులోంచి చూసి గుండె పట్టుకున్నాను. అయినా ఏం చేస్తాం, ఈ రోజుల్లో ఆ మందు మింగుతూ ముసలివాళ్ళయినవాళ్ళు ఎంతమంది లేరు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మరదలు లాన్యేరోకు ఒక్క మాట చెప్పలేదు. వాగుడుకాయనైనా ఆ మాత్రం బుద్ధి నాకుంది.

కానీ లాన్యేరోకు మాత్రల డబ్బా దొరికింది. మొగుణ్ణి నిలదీసింది.

"అదేనా ఆ జబ్బు?"

తమ్ముడు అవునన్నట్టు తల ఊపాడు. ఆ తల ఊపడమే కొంప ముంచింది.

ఆమె ఒంటరిగా వెళ్ళి రక్తపరీక్ష చేయించుకుంది. తిరిగి నా కొట్టుకొచ్చి కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది.

"నాకు లేదట వదినా. అయినా మళ్ళీ మూడు నెలలకు రమ్మన్నారు. అప్పటిదాకా చెప్పలేమట."

"లేదన్నారుగా పిల్లా, ఇంకెందుకు ఏడుపు?"

"నా పిల్ల అబెర్‌ను ముద్దు పెట్టుకోబుద్ధి కావడంలేదు వదినా. దాని చెంచా కూడా వేరే పెట్టేశాను."

"చెంచాతో అంటదే అది. ఆ వరండాలో ఎవర్నడిగినా చెప్తారు."

"తెలుసు. తెలిసినా చెయ్యి రావడంలేదు."

ఆ మూడు నెలలూ గడిచాయి. రెండోసారి కూడా లేదన్నారు. అయినా మొహంలోకి నెత్తురు రాలేదు. కబురు పుట్టింటికి చేరింది. వాళ్ళన్న ఒబ్వోనా ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని దిగాడు. మా ముంగిట్లో పంచాయితీ. ఓతీమ్ కుర్చీలో, మిగిలినవాళ్ళు చాపలమీద. లాన్యేరో మూట కట్టుకుని, పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఒక మూల కూర్చుంది.

"సోమాలియా వెళ్ళిన ప్రతివాడూ టీవీ తెచ్చుకున్నాడు బావా," అన్నాడు ఒబ్వోనా. "నువ్వేం తెచ్చావో మా చెల్లెలికి ఇప్పుడు తెలిసింది. ఎవతె దగ్గర తెచ్చుకున్నావో నీకే తెలియాలి. మా పిల్ల మా ఇంటికొస్తుంది. అంతే."

తమ్ముడు కుక్కిన పేనులా కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఒరేయ్, నోరు తెరిచి ఏదో ఒకటి చెప్పరా. పెళ్ళాం పోతోంది."

అప్పుడన్నాడు, చాపకు చెప్తున్నట్టు. "నాకు ఆ జబ్బు లేదు."

"మరి ఆ మాత్రలు?"

"తలకి."

వరండాలో ముందువైపు కూర్చుని, జనం పలచబడ్డాక వెనక తలుపులోంచి తల డాక్టరు ఒచిత్తి గదిలోకి దూరేవాడట. నా కళ్ళముందే, ఆ మామిడిచెట్టు పక్కనే. ఎవరెక్కడ కూర్చుంటారో నాకు తెలుసని ఇంతసేపూ గొప్పలు పోయాను చూడండి. ఒచిత్తికి మూడు ఊళ్ళకూ ఒక్క బైకు. పెట్రోలు రాని గురువారం ఆయన రాడు, ఆయన వచ్చిన గురువారం అలమరలో మాత్రలుండవు. మందు లేని వారమల్లా తమ్ముడు మంచం కిందే గడిపేవాడట.

ఓతీమ్ మాత్రం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇంతేనా? చచ్చినవాడు దయ్యమై వెంటబడ్డాడు. మగవాడికి అది మామూలే. మొదట్లోనే చెబితే పోయేదిగా. నువ్వు చంపినవాడెవడో, ఎక్కడ చంపావో చెప్పు. మేకను కోసి వదిలిద్దాం."

"ఎవరూ లేరు పెద్దాయనా."

"పేరు తెలియకపోయినా ఫరవాలేదు. చోటు చెప్పు."

"నేనెవర్నీ చంపలేదు. నేను వంటవాణ్ణి."

తమ్ముడు ఆగకుండా చెప్పుకుపోయాడు, ఆగితే మళ్ళీ నోరు పెగలదన్నట్టు. తెల్లవారుజామున శిబిరం మీద దాడి జరిగింది. అతను గంజికి నీళ్ళు పెడుతున్నాడు. సామాన్ల గదిలోకి దూరి గడియ వేసుకుని పిండి బస్తాల కింద పడుకున్నాడు. వైస్వా అనే కుర్రాడు, రోజూ అందరికంటే ముందొచ్చి గంజి అడిగేవాడు, ఆ రేకు తలుపు తట్టాడు. వంటన్నా, వంటన్నా, తియ్యి అన్నాడు. తడుతూనే ఉన్నాడు.

"నేను తియ్యలేదు," అన్నాడు తమ్ముడు.

ఒబ్వోనా వెంట వచ్చినవాడొకడు కిసుక్కున నవ్వాడు. "పిండి మూటకా మీరు మోయి పేరు పెట్టింది?"

ఇంకొకడు కూడా నవ్వాడు. నాకు తల తీసేసినట్టయింది. ఆ పేరు నేను బజారులో ఎంతమందికి చెప్పానో, ఎంతమంది నోళ్ళు మూయించానో అదంతా కళ్ళముందు తిరిగింది. చాప కింద చోటుంటే దూరిపోయేదాన్ని. ఓతీమ్ తన చేతికర్ర కింద పెట్టాడు.

"చంపినవాడికి మేక ఉంది," అన్నాడు. "చంపనివాడికి... తలుపు తియ్యనివాడికి మన దగ్గర ఏదీ లేదురా అబ్బాయీ."

ఆయన మొహంలో కూడా సిగ్గే కనబడింది. గుడ్డు పెట్టిందీ ఆయనే, ప్రశ్న వేసిందీ ఆయనే, జవాబు వినకుండా పేరు పెట్టిందీ ఆయనే.

అప్పుడు లాన్యేరో లేచింది. ఇక ఉండిపోతుందనుకున్నాను. జబ్బు లేదని తేలిపోయింది, ఇంకో ఆడది లేదని తేలిపోయింది, ఇంకేం కావాలి?

"నువ్వు వంటవాడివైతే నాకేం?" అంది. గొంతు పెంచలేదు. "మంచి గంజి కాచిపెట్టేవాడివి అనుకునేదాన్ని. నేను చచ్చిపోతానని అనుకున్నాను. అబెర్‌ను ఎవరికి అప్పగించాలా అని రోజూ ఒక్కొక్కరి మొహం చూస్తూ తిరిగాను. నువ్వు నా పక్కనే పడుకుని నా ఏడుపు విన్నావు. లేదు అని ఒక్క మాట చాలు. ఆ పేరు పోతుందని ఆ మాట దాచుకున్నావు."

"లాన్యేరో..." అన్నాడు తమ్ముడు.

"నేను కూడా తలుపు తట్టాను," అందామె.

మూట తలమీద పెట్టుకుని అన్న వెనకే నడిచింది. తమ్ముడు లేవను కూడా లేవలేదు.

వారం తిరగకముందే కథ ఊరంతా పాకింది. బైకు టాక్సీలవాళ్ళు అతను కనబడితే చాలు, "గోయ్‌మోయ్, ఇవాళ గంజేనా, రొట్టెనా?" అని కూతలు. గురువారం పొద్దున తమ్ముడు నా కొట్టు వెనక, పొయ్యి పొగలో వచ్చి కూలబడ్డాడు.

"లోపలికి పోరా, ఒచిత్తి వచ్చాడు. బైకు అదిగో."

"ఇంకెందుకక్కా? దాచుకోడానికే మాత్రలు మింగాను. దాచేది ఇంకేముంది?"

"నిద్రపోడానికిరా వెధవా."

అతను కదల్లేదు. నేను ఇంకో నాలుగు తిట్టేదాన్నే గానీ, అప్పుడే ఒక బైకు గేటు ముందాగింది. లాన్యేరో దిగింది. అన్న లేడు, పిల్ల లేదు. ముందు వరండా వైపు వెళ్తుందనుకున్నాను. వరండాలోవాళ్ళు జరిగి చోటు కూడా ఇచ్చారు. ఆమె వాళ్ళను దాటిపోయి తలకాయ బెంచీ మీద కూర్చుంది. నట్టనడిమిన, ఎండ మొహాన పడుతుండగా.

నేను టీ గ్లాసు పట్టుకుని రోడ్డు దాటాను.

"ఏమే, నువ్విక్కడెందుకు? లే, అందరూ చూస్తున్నారు."

"చూడనీ వదినా. నిద్ర పట్టడంలేదు. రెండుసార్లు లేదని చెప్పారు, ఒళ్ళు నమ్మడంలేదు. పిల్ల దగ్గరికొస్తే చేతులు వెనక్కి పోతున్నాయి. దీనికి కూడా ఆయనే మందిస్తాడట కదా?"

టీ గ్లాసు ఆమె చేతిలో పెట్టాను. వెనక్కి తిరిగేసరికి తమ్ముడు నా కొట్టు ముందుకొచ్చి నిలబడి ఉన్నాడు. అతనికి మాటలు వినబడలేదు గానీ బెంచీ కనబడుతోంది. అంత దూరంనుంచి కూడా అతని మొహం బూడిదలా పాలిపోవడం చూశాను.

రోడ్డు దాటాడు. టాక్సీలవాళ్ళు కూత వేశారు. తల తిప్పలేదు. ఇన్ని నెలలూ కూర్చున్న ముందు వరండాను దాటి, మామిడిచెట్టు కిందికి వచ్చి, బెంచీకి ఆ చివర్న కూర్చున్నాడు. ఆమె జరగలేదు, దగ్గరికీ రాలేదు, దూరంగానూ పోలేదు. గేటు దగ్గర కూరగాయలమ్మే ఆడవాళ్ళు బేరాలు ఆపి ఇటే చూస్తున్నారు.

ఒచిత్తి తలుపు తెరిచాడు. కిడేగాను బెంచీ మీద చూడటం ఆయనకదే మొదటిసారి. వెనక తలుపు మనిషి ముందుకెలా వచ్చాడా అన్నట్టు ఒక్క క్షణం ఆగాడు.

"ముందెవరు? కిడేగా, నువ్వా?"

తమ్ముడు తల దించుకునే, ఆ వరండా అంతా వినేంత గట్టిగా చెప్పాడు. "ముందు ఆవిణ్ణి చూడండి డాక్టరుగారూ. నాది యుద్ధంలో వచ్చింది. ఆవిడది నేను పెట్టింది."

లాన్యేరో సగం తాగిన టీ గ్లాసును బెంచీ మీద, ఇద్దరి మధ్యనా పెట్టి లోపలికి వెళ్ళింది. తమ్ముడు ఆ గ్లాసు ఒలికిపోకుండా చేత్తో పట్టుకుని, ఆమె వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు.