పాస్తా డబ్బా, అవ్వ బొటనవేలు

ఉదయగిరిలో చెక్క స్పూన్లు కొనుక్కుని ఆత్మకూరు బస్సెక్కాను. దారిలో ఆకలేసి, స్నేహితుడు విదేశం నుంచి తెచ్చిచ్చిన, వండి సిద్ధంగా ఉన్న పాస్తా డబ్బా మూత తీశాను. నేను శాకాహారిని. డబ్బా మీద మన పచ్చచుక్క కనపడలేదు.

వెతుకుతుంటే పక్కసీటు అవ్వ డబ్బా తీసుకుని అటూ ఇటూ తిప్పి, ఒకచోట బొటనవేలు ఆనించి పట్టుకుంది.

"మాంసం తినవా నాయనా? దీంట్లో చీజు ఉండాదే."

"చీజంటే పాలే కదవ్వా."

"పాలే. అవి గడ్డకట్టేదానికి దూడ కడుపులోది వేస్తారంట. మా గొర్రెపిల్లను కోసినప్పుడు చూసినాను, దాని కడుపులో పాలు అట్నే గడ్డకట్టి ఉండాయి."

నా ఆకలి చచ్చిపోయింది. పారేస్తే పాపమంటూ అవ్వ నా కొత్త స్పూనుతోనే డబ్బా ఖాళీ చేసింది. ఉప్పు చాలలేదని వంక కూడా పెట్టింది.

దుత్తలూరు దగ్గర ఆమె దిగుతుంటే కండక్టరు సంచి అందించి వచ్చాడు. "చిన్నప్పుడు మాకు ఇంగ్లీషు చెప్పిన టీచరమ్మ సార్" అన్నాడు గొప్పగా.

ఖాళీ డబ్బా తిప్పి చూశాను. ఇందాక ఆమె బొటనవేలు కదలకుండా ఆనించిన చోట, చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, శాకాహారులు తినవచ్చని రాసి ఉంది.