ఇనుప పక్షికి బొట్టు

ఆ రోజుల్లో, అంటే మరీ రాజుల కాలం కాదు, నాకు ఇరవై రెండేళ్లప్పుడు, భిలాయ్‌లో మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉండేవి. మా ఊరి ఆర్ట్ గ్యాలరీలో నాది మొదటి ఉద్యోగం. కుర్చీలో కూర్చుని, బొమ్మల్ని ఎవరూ ముట్టుకోకుండా చూడాలి. (ముట్టుకోవడానికి ఎవరైనా రావాలి కదా.) ఎదురుగా నీలంరంగు నది చిత్రం ఒకటి ఉండేది. పై అద్దాల్లోంచి ఎండ మెల్లగా దానిమీదికి దిగితే నీళ్లు కదిలేవి, నేను పడవెక్కేసేవాణ్ణి. జీతం తీసుకుంటూ అంత దూరం ప్రయాణించినవాళ్లు మా వంశంలో లేరు.

విశ్వకర్మ పూజనాడు కూడా అలాగే నది మధ్యలో ఉన్నాను. ఖుర్సీపార్‌లోని మా ఇంటినుంచి అమ్మ క్యారేజీతోపాటు పూజపళ్లెం కూడా పట్టుకొచ్చింది. ఆ రోజు మా ఊళ్లో బొట్టు లేని ఇనుము కనబడదు. క్రేను నుంచి కుట్టుమిషను దాకా అన్నిటికీ పసుపు, కుంకుమ, బంతిపూలు. నేను ఒడ్డుకు చేరేసరికి హాలు మధ్యలోని ఇనుప పక్షి కూడా ముస్తాబై ఉంది. ఉక్కు ప్లాంటు తుక్కుతో ఒక పేరున్న శిల్పి చేసిన పక్షి అది.

"ఏటమ్మా ఇది? నా ఉద్యోగం పోద్ది."

"పండగపూట ఇనుముని బోడిగా ఒగ్గేస్తారేటిరా? నీకు అన్నం పెడతంది కదా అది," అంది అమ్మ, కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలా అని నేల వెతుకుతూ.

చేతిరుమాలుతో తుడిచాను. కుంకుమ తుప్పులోకి ఇంకా హాయిగా దిగింది. అంతలో మా గ్యాలరీ మేడమ్, ఆవిడ వెనక సాక్షాత్తూ ఆ శిల్పి లోపలికొచ్చారు. రేపటినుంచి నేను ఇంట్లోనే పడుకోవచ్చన్న సంగతి మేడమ్ చూపులో స్పష్టంగా కనబడింది.

శిల్పి (మా ఊళ్లోనే క్యాంప్ 2 బస్తీలో పెరిగిన మన తెలుగువాడే) పక్షి చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. తర్వాత మూలనున్న తన రెండో శిల్పాన్ని, వంకర కడ్డీల గుత్తిని, చూసి చిన్నబోయాడు.

"మరి దానికెందుకు పెట్టలేదమ్మా?"

"అదింకా అవ్వనేదనుకున్నాను బాబూ."

"మూడేళ్లు పట్టిందమ్మా దానికి."

"పోన్లే, నెమ్మదిగా చేసుకో. తొందరేటి," అంది అమ్మ.

ఆయన పళ్లెం తానే పట్టుకుని కడ్డీల పక్కన నిలబడ్డాడు. అమ్మ బొట్టు పెట్టింది. పెద్దాయన అలా చేతులారా పళ్లెం పట్టాక మేడమ్ మాత్రం ఏమంటుంది? "నారియల్ బాహర్ ఫోడ్నా, భయ్యా," అని, కొబ్బరికాయ మాత్రం బయట కొట్టమని నాతో చెప్పి వెళ్లిపోయింది.

ఇప్పుడు రాయ్‌పూర్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాను. ఉద్యోగం పోతుందన్న భయం ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. ఆనాటి ఆ బక్కకుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. వాడికున్న ధీమా నాకు లేదు. ఇక్కడ కార్డు లేనిదే అమ్మల్ని లోపలికి రానివ్వరు.