రౌడీలకు దొరికిపోయిన లారీ

మా నాన్నగారి పాతకాలపు లారీని మొన్నామధ్య ఫిల్మ్‌నగర్‌లో షూటింగుకి ఇచ్చాం. రౌడీలు తరుముతుంటే హీరో అందులో పారిపోవాలి. ఆ గేర్లు హీరోకి లొంగలేదు కనుక, ఆయన చొక్కా తొడుక్కుని నేను కూర్చున్నాను. తాళం తిప్పితే ఇంజను మూలిగింది, లైట్లు మసకబారాయి, రౌడీలు వచ్చేశారు. రెండో టేకులోనూ అదే కథ.

"అన్నా, ఇంకెంత మెల్లగ ఉర్కాలె? గింతకంటె మెల్లగంటే నడుసుడే," అన్నాడు కత్తి పట్టుకుని రౌడీ వేషంలో ఉన్న కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టు.

"ఇంకొక్క టేకు చూస్తా. కాకపోతే వేరే లారీ తెప్పిస్తా," అన్నారు డైరెక్టరుగారు. మన లారీ సినిమాలో కనిపిస్తుందని నాన్న అప్పటికే చుట్టాలందరికీ ఫోన్లు చేసేశారు.

లారీ కిందికి దూరి చూశాను. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు బ్యాటరీ ఎర్తు వైరు విప్పి, కింద ఉన్న ఛాసిస్ చట్రానికి రంగు పూసి, ఆ రంగు మీదే మళ్లీ బిగించారు. ఇక కరెంటు ఎలా పారుతుంది? గీకడానికి రౌడీ కత్తి అడిగితే అది అట్టది. ఇంటి తాళంచెవితో గీకి బిగించాను.

ఈసారి తాళం తిప్పగానే లారీ దూసుకుపోయింది. రౌడీలు ఇంకా కదలనేలేదు.

"ఇంత తొందరగా స్టార్టయితే టెన్షన్ ఏముంటుందండీ? ఇందాకటిలా కాస్త మూలగనివ్వండి," అన్నారు డైరెక్టరుగారు.

మళ్లీ దూరి ఆ ఎర్తు వైరు బోల్టు కొంచెం వదులు చేశాను. లారీ మూలిగి మూలిగి, రౌడీల చెయ్యి తగిలేలోపు కదిలింది.

మా లారీ ఎంతో సహజంగా నటించిందని నాన్న ఇప్పటికీ చెబుతుంటారు. లోకంలో బండి బాగుచేసినందుకు చీవాట్లు తిన్నది మాత్రం నేనొక్కడినే అనుకుంటాను.