సీరియల్ పోర్టుకి ‘అండీ’ నేర్పిన మావయ్య

నిన్న పొద్దున్న కాలేజీ బస్సులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది.

"సత్తిబాబు మావయ్య పోయేరే. నిద్రలోనేనంట."

‘ఏ సత్తిబాబు?’ అని అడిగాను.

మాకున్నది ఒక్క సత్తిబాబు మావయ్యే. అయినా అడిగాను.

కిటికీలోంచి కొబ్బరిచెట్లు ఎప్పటిలాగే వెనక్కి వెళ్తున్నాయి. వాటికి ఇంకా ఎవరూ చెప్పలేదు కాబోలు.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నాను. ఆయన అమ్మకి పిన్ని కొడుకు. చాలా ఏళ్ళు మస్కట్‌లో మీటర్లు బాగుచేసి, ముమ్మిడివరం తిరిగొచ్చి, ఇంటి ముందు గదిలోనే రిపేర్ షాపు పెట్టుకున్నారు. చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే మీటర్ ఏది మొరాయించినా ఆయన దగ్గరికి రావాల్సిందే.

నా ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ ఆ మీటర్‌తోనే. దాన్ని కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలపాలి. సీ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాంతో పలకరించాలి. అది చెప్పే నంబర్ చదవాలి.

వినడానికి ఇంతే.

మొదటి రోజు షాపులో కూర్చుని, కేబుల్ దారిని, అంటే సీరియల్ పోర్ట్‌ని, ఓపెన్ చేశాను. ‘రీడింగ్ ఇవ్వు’ అని మీటర్‌కి రాసి పంపాను. స్క్రీన్ నిండా ప్రశ్నార్థకాలు, విరిగిన గీతలు.

"స్పీడెంత పెట్టేవే అమ్మలూ?"

"సెకనుకి లక్షా పదిహేను వేల రెండొందల బిట్లు, మావయ్యా."

"అదేమో తొమ్మిదివేల ఆరొందల్లో నిదానంగా మాట్లాడే ముసలమ్మ. నువ్వేమో టీవీ యాంకరమ్మలాగ గడగడా వాగేత్తన్నావు. పాపం, దానికేం తెలుత్తాదే?"

స్పీడ్ తగ్గించాను. చెత్త పోయింది. కానీ ఈసారి అసలేమీ రాలేదు. నా ప్రోగ్రాం ‘రీడ్’ అనే లైన్ దగ్గర ఆగిపోయి జవాబు కోసం చూస్తూ కూర్చుంది. నేనూ కూర్చున్నాను. మావయ్య టీ తాగుతూ నవ్వుతున్నారు.

"నీ మాట అయిపోయిందని దానికెలా తెలుత్తాదే? మనూళ్ళో మాట చివర ఏవంటాం?"

"అండీ అంటాం."

"మరి దాంతో అనవేం? పెద్దావిడ కదా!"

సీలో ఆ ‘అండీ’ని \r అని రాస్తారు. కంటికి కనిపించని ఒక్క అక్షరం. అది చేరేదాకా మీటర్ వింటూనే ఉంటుంది. జవాబివ్వదు.

చివర అది పెట్టి పంపాను. వెంటనే రెండు లైన్లు.

AY
5.4

"5.4 ఆక్సిజన్. మరి ఈ AY ఏంటి మావయ్యా?"

"ఆయ్!" అన్నారు గర్వంగా. "బోర్డు నేనే చేసేను కదా. అందరి మీటర్లూ ఓకే అంటాయి. కోనసీమ నీళ్ళు కొలిచేది ఓకే అంటే ఏం బావుంటాదే?"

ఏ లైన్ పంపినా, అర్థమైనా కాకపోయినా, అది ముందు ఆయ్ అంటుంది. విన్నానని చెప్పడం మర్యాద, అర్థమవడం తరవాత సంగతి అనేవారు మావయ్య.

మాటల మీద నాకు ప్రేమ పుట్టింది ఆ గదిలోనే అనుకుంటాను. ఇంటికెళ్ళి నోట్‌బుక్‌లో ‘అండీ’, ‘ఆయ్’ అని పక్కపక్కన రాసుకుని చాలాసేపు చూశాను.

అలాంటి మీటరే ఇంకోటి చేసి, నాకిచ్చి కాలేజీకి పంపారు. పోయిన ఆదివారం ఆయన మెసేజ్ వచ్చింది.

"అమ్మలూ, అక్కడ రీడింగ్ వచ్చిందా? వీలు చూసుకుని చెప్పు."

వచ్చింది. మొదటిసారే వచ్చింది.

కానీ ‘వచ్చింది’ అని ఒక్క ముక్కలో చెప్పబుద్ధి కాలేదు. మంచి జవాబు రాయాలనుకున్నాను. గోదావరితో ఒక పోలిక పెట్టాను. తీసేశాను. ఇంకోటి పెట్టాను. రోజూ కొంచెం దిద్దాను.

పంపలేదు.

అది ఇప్పటికీ మెసేజ్ బాక్సులో అలాగే ఉంది. అన్ని మాటలూ ఉన్నాయి. చివర అండీ లేదు.

ఆయన వింటూనే ఉన్నారు.

ఈరోజు పొద్దున్న వాళ్ళింటికి వెళ్ళాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని షాపు గదిలోకి తీసుకెళ్ళారు.

"ఆ మిషను లైటు మొన్నట్నించీ వెలుగుతానే ఉందే. ఎలా ఆపాలో నాకు తెలీదు. నువ్వు ఆపుతావా?"

టేబుల్ మీద మీటర్. దాని తీగ కొస గాజుగ్లాసు నీళ్ళలో ఉంది. పక్కన మావయ్య కళ్ళజోడు. కిటికీ ఎండ గ్లాసులో పడి, నీళ్ళ వెలుగు గోడంతా మెల్లగా ఊగుతోంది. కాసేపు మేమిద్దరం ఏదో చెరువు అడుగున నిలబడినట్టు అనిపించింది.

ఆపకముందు లాప్‌టాప్ తీశాను. కేబుల్ పెట్టాను. తొమ్మిదివేల ఆరొందలు.

నేను దిద్దుకుంటూ వచ్చిన ఆ జవాబు మొత్తం దానికి పట్టదు. మెమరీ చిన్నది, ఒక లైనంతే. పోలికలన్నీ వదిలేశాను. ఇంగ్లీషు అక్షరాల్లో రెండే తెలుగు మాటలు కొట్టాను.

వచ్చింది మావయ్యా.

చివర \r.

AY

అత్తయ్య నా భుజం మీంచి తొంగి చూశారు. "ఏవందే?"

"ఆయ్ అన్నారు, అత్తయ్యా."

అప్పుడు ఏడ్చాం, ఇద్దరం.

తర్వాత పోర్ట్ క్లోజ్ చేశాను. లైట్ ఆపాను.

నెమ్మదిగా వెళ్ళండి మావయ్యా, తొమ్మిదివేల ఆరొందల్లోనే. మీరు చేరే చోట అందరూ నిదానంగా మాట్లాడేవాళ్ళే ఉండాలి. పలికిన ప్రతి మాటకీ ఒక ఆయ్ వినపడాలి.

ప్రశాంతంగా ఉండండి, మావయ్యగారండీ.