జిప్పు పని నేర్పించాక

రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్డులో నాది జిప్పు మిషను. మా వరుసలో అందరం ఆడవాళ్లమే. ఒకరు జేబులు, ఒకరు బెల్టు, ఒకరు కాళ్ల అంచులు, ఎవరి పని వాళ్లది. జిప్పు ఏమాత్రం వంకర పోయినా కుట్టంతా విప్పాలి కాబట్టి ఆ మిషను దగ్గరికి నేను తప్ప ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఆ గీర నాకుండేది, దాచడమెందుకు.

పండగ ఆర్డర్లు మొదలయ్యాక ఇల్లు మాకు పడుకోవడానికే మిగిలింది. మా వీధుల్లో కుళాయి నీళ్లు ఏ నాలుగైదు రోజులకో ఒకసారి, అదీ సాయంత్రం పూట వస్తాయి. ఆ పూట ఇంట్లో లేకపోతే మళ్లీ వచ్చేదాకా పక్కింటి వాళ్లను ఒక్క బిందె పోయమని బతిమాలుకోవాలి. జేబులు కుట్టే ఆమె, నాకన్నా బాగా చిన్నది, ఒకరోజు మిషను మీద తల వాల్చి ఏడ్చేసింది. నీళ్లు పట్టలేదని ఇంట్లో అత్త చెయ్యి చేసుకుందట.

నేనిక ఆగలేకపోయాను. లేచి ఓనరు దగ్గరికి వెళ్లి, నీళ్లొచ్చే పూటైనా ఇంటికి వదలమని అడిగాను. అరుస్తాడనుకుంటే కుర్చీ వేయించాడు. బెంగళూరులో ఏదో క్లాసుకు వెళ్లొచ్చాడట. పని చేసేవాళ్ల చేతికే పెత్తనం ఇవ్వాలని అక్కడ చెప్పారట.

"ఈ లైను మీదేనమ్మా. ఎవరు ఎప్పుడు పోవల్లో మీరే తేల్చుకోండి. నాకు కుట్టిన మాల్ లెక్కకు వస్తే చాలు," అన్నాడు.

నిజం చెప్తున్నాను, నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మమ్మల్ని మనుషులుగా చూసి అడిగినవాడు అంతకుముందు ఒక్కడూ లేడు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఒక్కో వీధికి ఒక్కో రోజు నీళ్లు కాబట్టి, ఆ రోజు ఆ వీధిలో ఉండే మనిషి పెందలాడే ఇంటికెళ్లాలని, ఆమె మిషను మిగతావాళ్లం చూసుకోవాలని అనుకున్నాం. అలా జరగాలంటే ఒకరి పని ఇంకొకరికి రావాలి. జేబులమ్మాయికి జిప్పు నేనే నేర్పాను. మధ్యాహ్నం సద్దిగిన్నె పక్కన పెట్టి మరీ, పనికిరాని గుడ్డపీలికల మీద నేర్పాను. మొదట్లో సూదులు విరగ్గొట్టింది. పోనుపోను నా కుట్టేదో ఆమె కుట్టేదో నాకే తెలిసేది కాదు. షెడ్డులో మేం నవ్వుకుంటూ పని చేసింది ఆ రోజుల్లోనే. మాల్ కూడా ఏమాత్రం తగ్గలేదు.

ఆర్డర్లు అయిపోగానే ఓనరు అందరికీ టీ తెప్పించి తెగ మెచ్చుకున్నాడు. ఆ తర్వాత మెల్లగా అసలు సంగతికి వచ్చాడు.

"దినామూ ఒకరు తొందరగా పోయినా మాల్ వస్తానే ఉండాది గదమ్మా. అంటే లైనులో ఒకరు ఎక్కువున్నట్లే. ఎవరు మానుకోవల్లో నేను చెప్పను. మీరే తేల్చుకోండి," అని చెప్పి, తలుపు దగ్గరగా వేసి బయటికి వెళ్లాడు.

ఎవరం మానుకోమని అందరం ఒకే మాట చెబుదాం అన్నాను. అందరికన్నా ముందు జేబులమ్మాయే నోరు తెరిచింది.

"నీకైతే చేనుండాదక్కా. మాకేముండాది?"

ఆ చేలో బోరు ఎండిపోయి, వేరుశనగకు పెట్టిన విత్తనం ఖర్చు కూడా రాకపోబట్టే నేను మిషను ఎక్కానని ఆమెకు తెలుసు. అక్కడున్న అందరికీ తెలుసు. అయినా ఒక్కొక్కరే ఊఁ అన్నారు.

బయటికొచ్చి, నన్నెందుకు తీసేస్తున్నావని ఓనరును నిలదీశాను.

"నేనెక్కడ తీసినానమ్మా? మీవాళ్లే గదా తీసింది," అన్నాడు. మొహంలో బాధ కూడా ఉంది.

తనే తీసేసి ఉంటే వాళ్లంతా నా వెంట వచ్చి, ఆయన్ను నాలుగు తిట్టి, కళ్లు తుడుచుకుని ఉండేవాళ్లు. ఆ పూట గేటు దాకా ఒక్కరూ రాలేదు. నేను గేటు దాటేసరికే లోపల మిషన్లు తిరగడం మొదలైంది, జిప్పు మిషనుతో సహా.